బోణీ ముఖం

ఈ ఉదయం మా ఇల్లు నా ముఖాన్ని రద్దు చేస్తుంది. వరండా దాకా చెల్లుతుందట; గడప లోపల చెల్లదట. తలుపుకు బిగించిన తాళం ఈ సంగతిని వార్తలు చదివే స్వరంతో మర్యాదగా తెలియజేస్తుంది.

తాళం నిర్దోషి. అది నా ఫోను మాట వింటుంది. నేల తుడిచే యంత్రం, అన్నం వండే కుక్కరు, గాలిని వడకట్టే పెట్టె, ఒకే చీనా కంపెనీ సంతానమైన ఈ పరివారమంతా ఫోనునే సార్వభౌముడిగా కొలుస్తుంది. తెర నల్లగా ఉన్నప్పుడు కూడా అది ఆలోచిస్తోందని నా అనుమానం.

నా భార్య వకుళకు అనుమానాలు లేవు. కారణం ఆమెకు తెలుసు. కొన్ననాడు ఫోనుకు గంధం, కుంకుమ పెట్టి, తొలిచూపు నా మీద పడకుండా అడ్డుపడింది ఆమే. నేను ఎదురొస్తే పనులు చెడతాయన్నది ఆమె పుట్టింటి సిద్ధాంతం. ఆమె తమ్ముడు కామేశానిది బోణీ ముఖం. కాకినాడ మెయిన్‌రోడ్డు దుకాణదారులు పొద్దున్నే అతణ్ణి పిలిచి గుమ్మంలో నిలబెట్టుకుంటారు. యజమాని ముఖం చూపమని ఫోను అడిగినప్పుడు వకుళ అతణ్ణే నిలబెట్టింది. ఇన్నాళ్లూ అది నన్ను రహస్య సంఖ్యతో భరించింది. నేడు సహనం చాలిస్తుంది.

కామేశం లోపలినుంచి తలుపు తీస్తాడు. నా పంచె కట్టుకున్నాడు.

"మొహమాటపడకు బావా, లోపలికి రా. మీ ఇల్లే అనుకో."

నేను అడుగు పెట్టగానే గది పొడవు పెరుగుతుంది. దూరాన భోజనాల బల్ల దగ్గర వకుళ ఆవగింజంత కనిపిస్తుంది. నేను నడిచినకొద్దీ బల్ల వినయంగా వెనక్కి జరుగుతుంది.

"తలుపంటే తీయించగలిగాను గానీ, అక్కని దగ్గరికి తేవడం నా వల్ల కాదు బావా," అంటాడు కామేశం.

"ఏవండీ," అని వకుళ అంత దూరంనుంచి కేక వేస్తుంది, "ఆ మొహం సరిచేయించుకొచ్చేయండి. పప్పుచారు చల్లారిపోతోంది."

సర్వీస్ సెంటరు గోడలకు ముఖాలు వరుసగా చార్జింగులో ఉన్నాయి. నూకరాజు అనే ఉద్యోగి నా గడ్డం పట్టుకొని వెలుగుకేసి తిప్పుతాడు.

"ఫోన్‌లో తప్పేం లేదండి. తమరి మొహమే పాత మోడలు."

"ఫోనునే సరిచేయరాదా?"

"పాపం, అది ఒకళ్ళని నమ్మేసిందండి. ఇప్పుడు మాట మార్చుకోమని ఎలాగంటామండి? తమరిని మార్చేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు గదండీ."

"నాకు?"

"తమరెవరో ఇంకా తేలలేదు గదండీ."

ఈ తర్కంలో పగులు కోసం వెతుకుతాను; దొరకదు. దొరకకపోవడమే నా అనుమానాన్ని పెంచుతుంది. అయినా ఆవగింజంతైన వకుళను తలచుకొని తల ఊపుతాను. అతడు కామేశం ముఖాన్ని గాజుపొరలా నా ముఖంపై పరచి, బుడగలు మిగలకుండా మెత్తటి గుడ్డతో అంచులకు నొక్కుతాడు.

ఇంటి తాళం నా బిరుదావళి చదివి తప్పుకుంటుంది. గది ముడుచుకుంటుంది. బల్ల నాకు ఎదురొస్తుంది. వకుళ చేతికందేంత దగ్గర నిలబడి ఉంది.

"ఏరా, ఇప్పుడే గదా బస్సెక్కావు. ఏం మర్చిపోయావు?" అంటుంది. "కూర్చో. మీ బావగారు ఇంకా రాలేదు."

నేనే ఆ బావగారినని చెప్పబోతాను.

"వస్తాడులే అక్కా," అంటుంది కామేశం నోరు.

ఆమె కుదుటపడదు. తన ఫోను తీసి నా నంబరుకు చేస్తుంది. నా ఫోను నా చేతిలోనే నిశ్శబ్దంగా ఉంది. గంట మాత్రం నా కడుపులో మోగుతుంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చొని నా పొట్టకు చెవి ఆనిస్తుంది.

"ఏవండీ, ఎందాకా వచ్చారు?"

"మెట్ల దగ్గరున్నాను," అని లోపలినుంచి నా గొంతే బదులిస్తుంది.

వకుళ ముఖం విప్పారుతుంది. చెంగుతో చేతులు తుడుచుకొని, నా చొక్కా గుండీలు ఒక్కొక్కటే తీసి, రెండు రెక్కలను తలుపుల్లా చెరోవైపు తెరిచి పట్టుకుంటుంది. లోపల ఎవరో చెప్పులు విడుస్తున్నారు.