ముక్తాయింపు లేని సన్నాయి

పెళ్లిపందిరి అనుకుని అడుగుపెడితే అద్దాల గది, వెనక్కి తిరిగి చూస్తే మళ్లీ పందిరే, కాకపోతే పీటల మీద పెళ్లివారెవరూ లేరు, మా అన్న కోటిలింగం ఒక్కడే కూర్చుని సన్నాయి ఊదుతున్నాడు. పోయిన మాఘంలో చనిపోయాడని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు, ఆ మాట ఇద్దరం ఎత్తం. పెదవి చిట్లి నెత్తురు కారుతున్నా ఆపడు. సన్నాయి నోట్లో ఉండగానే మాట్లాడతాడు, అదేమీ నాకు వింతగా తోచదు.

ఏ ప్రాంతం పేరు కొడితే ఆ ప్రాంతపు మేళం తయారుచేసిచ్చే సాఫ్ట్‌వేర్ కోసమని పట్నం వాళ్లు ఆయన బతికుండగా ఊదించుకుని రికార్డు చేసుకున్నారు. ఎక్కడంటే అక్కడ అతికించుకుంటాం, దేన్నీ ముగించొద్దన్నారట. ఇప్పుడు ఎవడు ఏ మూల కోస్తా సన్నాయి అని నొక్కినా తను లేచి ఊదాల్సిందేనట, గృహప్రవేశమైనా, కొట్టు ప్రారంభమైనా. చచ్చి సుఖపడ్డాడని ఊరంతా అన్నారు. ఏం సుఖమో చూస్తున్నాను.

"ముక్తాయింపు కొట్టరా, శేషగిరీ. నువ్వు కొడితేనే గదా నేను సన్నాయి దించేది."

నిజమే, ముప్పై ఏళ్లు మా కచేరీల పద్ధతి అదే. ఒళ్లో డోలు ఉంది, వేళ్లకు తొడుగులూ ఉన్నాయి, పుల్ల ఎత్తాను కూడా, అంతలో పాత మంట భగ్గుమంటుంది.

"డోలు మిషన్లోనే ఉంది, మీ తమ్ముడెందుకు అన్నారంట వాళ్లు. వాడు లేందే ఊదనని ఒక్క మాటన్నావా అన్నయ్యా?"

"అన్లేదురా. తప్పే. ఇప్పుడు కొట్టు."

కొట్టొచ్చు, కానీ ఆ తప్పే అన్న మాట ఇంకొక్కసారి వినాలనిపించి పుల్ల గాల్లోనే ఉంచుతాను. ఆ కాస్త ఎడంలోనే ఎక్కడో ఎవడో నొక్కుతాడు, అన్న బుగ్గలు ఉబ్బుతాయి, కళ్లు తేలేస్తాడు, మా మధ్యకు అద్దం వచ్చేస్తుంది, నేను అద్దం మీద కొడుతూ ఉంటాను, చప్పుడు రాదు.

మెలకువ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం, నా వేళ్లు మంచంపట్టె మీద కొడుతున్నాయి. ఎదురు ఫంక్షన్ హాల్లో బాక్సుల్లోంచి సన్నాయి. పై షడ్జం నుంచి దిగేటప్పుడు ఆ జారుడు మా అన్నది, ఇంకెవరిదీ కాదు. కిటికీ మూయమంటావా అంది మా ఆవిడ. వద్దని లేచి కూర్చుని, మంచంపట్టె మీదే ముక్తాయింపు కొట్టాను, పద్ధతి ప్రకారం మూడుసార్లు, చేతులు మండేలా.

సన్నాయి మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.