హద్దురాళ్ళ పని

మద్దేడుకు అమీను వస్తున్నాడని తెలిసి ఎర్రయ్య ఉన్న ఒక్క తెల్లపంచెను ఉతికి ఆరేశాడు. ఉతకాల్సింది పంచె కాదు, నాలుక అని దుర్గమ్మ తరవాత అన్నది. పెళ్ళాం కాబట్టి అన్నది. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు.

అమీనంటే బస్తర్ రాజుగారి తరఫున భూములు కొలిచి, ఏ పొలం చెక్క ఎవరిదో కాగితం మీదికి ఎక్కించే మనిషి. ఎర్రయ్యకు వాగు పక్కన ఎకరన్నర చేను ఉంది. అది కాగితం మీదికి ఎక్కితే అతను రైతు. ఎక్కకపోతే ఎప్పటిలాగే రాళ్ళు కొట్టే వడ్డెరవాడు. ఇంతే కథ, ఇంతకంటే ఏమీ లేదు.

అతని తండ్రి గోదావరి అవతల నిజాం రాజ్యం నుంచి బాట పనికి వచ్చాడు. ఇక్కడి దోర్లవాళ్ళకు అడవి నరికి చేను చేయడం వచ్చు, బాణం వేయడం వచ్చు, ఇప్పసారా కాయడం మహా బాగా వచ్చు. రాయిని పగలగొట్టి మూల కట్టడం మాత్రం రాదు. అందుకని వడ్డెరవాళ్ళను పిలిపించారు. బీజాపూర్ నుంచి భోపాలపట్నం పోయే బాటలో ఎంత రాయి వాళ్ళ సమ్మెట కింద పగిలిందో, ఎంతమంది అక్కడే జ్వరాలొచ్చి పోయారో ఎవరూ రాసిపెట్టలేదు. ఎర్రయ్య ఆ బాట పక్కనే గుడిసెలో పుట్టాడు. గోదావరి దాటి ఎన్నడూ పోలేదు.

తండ్రి చనిపోయిన ఏడు దోర్ల ఊరిపెద్ద ఉంగ అతన్ని పిలిచాడు. "ఎన్నాళ్ళని బాటెంబడి పడుంటవు అల్లుడా," అని వాగు పక్కన ఒక రాళ్ళదిబ్బ చూపించాడు. నేలతల్లికి కోడిని కోసి, నాలుగు గింజలు చల్లి, "ఈడు ఇగ మావోడే," అని ఊరందరి ముందూ అన్నాడు. ఇంకొకడైతే ఆ దిబ్బకు దూరంనుంచే దండం పెట్టి పోయేవాడు. మొగుడూ పెళ్ళాం ఏడేళ్ళు రాళ్ళు ఏరారు. ఎనిమిదో ఏట కొర్రలు పండాయి, పదో ఏట వరి. మొదటి వరి అన్నం వండినరోజు దుర్గమ్మ తినకుండా కుండ ముందు కూర్చుని ఏడ్చింది.

అమీను ఇప్పచెట్టు కింద మంచం వేయించుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. "అడిగినదానికే జవాబు చెప్పు, ఎక్కువ మాట్లాడకు," అని ఉంగ ముందే చెప్పాడు. ఎర్రయ్య బుద్ధిగా తలూపాడు.

"నామ్?"

"ఎర్రయ్య, దొరా."

"ఏ ఊరు నీది?"

ఇక్కడ వడ్డెరవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఇవాళ ఒక చోట, రేపు ఒక చోట గుడిసె వేసుకునే కులం. అందుకే పిల్లలకు మాటలు రాగానే ఇంటిపేరు, తాతల ఊరు, తాత పేరు వల్లె వేయిస్తారు. ఊరు చెప్పలేనివాడికి పిల్లనివ్వరు, పంక్తిలో కూర్చోనివ్వరు. ఎవరు ఎక్కడ అడిగినా చెప్పాల్సింది ఆ ఊరే. ఎర్రయ్య తండ్రి సమ్మెట పట్టడం కంటే ముందు అదే నేర్పాడు.

ఎర్రయ్య ఛాతీ విరుచుకున్నాడు. "పల్లపోళ్ళం దొరా. ములుగు కాడ జంగాలపల్లి మాది. బాలయ్య మనుమణ్ణి."

పక్కన ఉంగ తల పట్టుకున్నాడు.

"ములుగు అంటే నిజాం ఇలాఖా," అంటూ అమీను రాసుకున్నాడు. "అంగూఠా లగావ్."

ఎర్రయ్య వేలిముద్ర వేశాడు. వేసి, సిరా వేలిని పంచెకు తుడుచుకోకుండా జాగ్రత్తగా పట్టుకున్నాడు కూడా.

"సాబ్, ఈయన ఈడనే పుట్టిండు," అన్నాడు ఉంగ. "నేను కోడి కోసి నేల ఇచ్చిన."

"మరి ములుగు అని ఎందుకు చెప్పాడు?"

"నేను ఈడనే పుట్టిన దొరా," అన్నాడు ఎర్రయ్య, అప్పటికి భయం తెలిసి.

"జంగాలపల్లి నీది కాదా?"

"మాదే దొరా."

"అదే రాశాను." అమీను కలం పక్కన పెట్టాడు. "పరదేశికి ఇక్కడ పట్టా లేదు. కూలీగా ఉండు, ఎవరూ పొమ్మనరు. మీలాంటివాళ్ళు కావాలి కూడా. రైతుగా మాత్రం ఉండకూడదు. ఆ చెక్క సర్కారుది."

అరిచి చెప్పలేదు, నెమ్మదిగానే చెప్పాడు. చెడ్డవాడు కాదు, అదే ఒళ్ళు మండే సంగతి. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

ఇంటికొచ్చి చెబితే దుర్గమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నీ నోటికి ఊరే పోయింది గదయ్యా. మద్దేడు అంటే నాలుక తెగుతదా?"

"మా అయ్య ఊరు దాచిపెట్టుమంటవా?" అన్నాడు ఎర్రయ్య. "మీ అయ్య నన్ను ముందుగాల అడిగిందేంది? జంగాలపల్లి అన్నంకనే గదా నిన్నిచ్చిండు."

ఆమె మళ్ళీ చేట అందుకుంది.

పదిహేను రోజులకు అమీను నుంచి కబురొచ్చింది. కొలిచిన ప్రతి చేనుకూ మూలమూలకూ హద్దురాయి పాతాలి. రాయి నాలుగు పలకలుగా చెక్కాలి, నెత్తిన గుర్తు కొట్టాలి. ఈ పని తెలిసినవాడు చుట్టుపక్కల ఎర్రయ్య ఒక్కడే. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అంటారు. ఈ సర్కారువాళ్ళకు రోజూ ఒక ఏరు దాటాలి, అందుకే ఎర్రయ్యను రోజూ రెండు పేర్లతోనూ పిలుస్తారు.

పోనని రెండు రోజులు ఇంట్లో కూర్చున్నాడు. మూడో రోజు కుండలో గింజలు అయిపోయాయి.

నెల రోజులు చెక్కాడు. ఉంగ చేనుకు పాతాడు, ఉంగ తమ్ముళ్ళ చేలకు పాతాడు, ఊళ్ళో అందరి చేలకూ పాతాడు. చివరికి అమీను దగ్గర కొలత గొలుసు పట్టే లక్మా వాగు పక్కకు తీసుకొచ్చి, ఎర్రయ్య చేని మూలన మడమతో గీత గీసి, "సర్కారు చెక్కకు ఇక్కడ," అన్నాడు. వేసవి దుక్కి దున్ని ఉన్న మట్టి అది. గడ్డపార ఒక్క పోటుకే దిగిపోయింది. ఎందుకు దిగదు, ఒక్క రాయి లేకుండా ఏరింది వాళ్ళే కదా.

"వంకరగ పెట్టు," అన్నది మట్టితట్టతో వెంట వచ్చిన దుర్గమ్మ చిన్నగా. "తొలకరికే ఒరిగిపోవాలె."

ఎర్రయ్య తలూపాడు. రాయిని గుంటలో దించి ఒక పక్కకు వాల్చాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. చేతులు వాటంతటవే వెళ్ళి రాయిని నిలబెట్టాయి. చుట్టూ చిప్పరాళ్ళు కూరి, మట్టి పోసి, నీళ్ళు చల్లి, గడ్డపార మొద్దు కొసతో నాలుగు వైపులా దిమ్మిస కొట్టాడు.

లక్మా రెండు చేతులతో నెట్టి చూశాడు. కదల్లేదు. "పక్కా," అని గొలుసు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

"నీ చేతులు ఇరగ," అన్నది దుర్గమ్మ. మట్టితట్ట నేలకేసి కొట్టి, చేని మధ్యలోకి పోయి కూలబడింది. ఎర్రయ్య రాయి పక్కనే నిలబడి ఉన్నాడు. అటు పోవాలంటే హద్దు దాటాలి.