చెక్కని నీళ్ళు

తుపాకీని ముట్టుకోవాలంటే బాబాయ్ తెల్ల గ్లవ్స్ తొడుక్కుంటాడు. మెత్తటి గుడ్డతో తుడుస్తాడు, నోటితో ఊదుతాడు, ఊదినచోట మళ్ళీ తుడుస్తాడు. పక్కగదిలోంచి ఆయన మాటలు వింటే ఎవరైనా పసిబిడ్డకి నీళ్ళు పోస్తున్నాడనే అనుకుంటారు.

"ఈ సుకుమారం చూడమ్మా! ఈ మెడ వంపు చూడు! నలిపితే కందిపోయేలా లేదూ?"

మెడంటే తుపాకీ మెడ. ఇనుము కందిపోవడం ఏమిటో ఆయనకే తెలియాలి.

బాబాయ్ వాళ్ళు ముగ్గురన్నదమ్ములు. ఫొటోలు తీయడానికి వచ్చినావిడ నడిమివాడి కూతురు. తండ్రి పోయి చాలా కాలమైంది. నగల దుకాణాలకి ఫొటోలు తీసి తీసి, మెరిసే వస్తువు పొగరు ఎలా అణచాలో ఆవిడకి బాగా తెలుసు. ఈ పాత తుపాకుల నగిషీలన్నీ ఒక పెద్ద పుస్తకంగా వేయాలని బాబాయ్ సరదా. రమ్మన్నాడు, వచ్చింది.

నిజానికి తుపాకులు బాబాయ్‌వి కావు, పెదనాన్నవి. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి పెదనాన్నకి కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. ఇక ఆయన ఎవరింట్లో ఉండాలన్న ప్రశ్న వచ్చేసరికి చుట్టాలందరి ఇళ్ళూ ఉన్నట్టుండి ఇరుకైపోయాయి. ఈవిడ ఇల్లూ ఇరుకైపోయింది. వెనకగది నిండా లైట్లూ స్టాండ్లూ ఉన్నాయని, తీయడానికి లేదని తలొంచుకుని చెప్పింది. అప్పుడు బాబాయ్ ముందుకొచ్చి, "మా అన్నని నేను చూసుకోక ఎవరు చూసుకుంటారు?" అని కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నారు. అన్నయ్యతోపాటే తుపాకుల బీరువా కూడా ఈ ఇంటికి చేరింది. ఆ సంగతి మంచితనం మాటున పెద్దగా ఎవరికీ పట్టలేదు.

ఈ మధ్య మాత్రం ఆవిడకి మనసు ఊరుకోవడం లేదు. ఆ వెనకగది ఖాళీ చేసి పెదనాన్నని తెచ్చుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తోంది. ఫొటోలకి వెళ్ళినప్పుడు ఎలాగూ చూడొచ్చు, ఇక్కడ బాగానే ఉంటే ఆ ఆలోచన మానుకుందామనుకుంది. మానుకోవడానికే వచ్చిందని కూడా అనొచ్చు. గడప దాటగానే, కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో పెదనాన్న కనిపించాడు. చొక్కా ఉతికిందే. తల దువ్వి ఉంది. సరే, బాగానే ఉన్నాడు కదా అనుకుని ట్రైపాడ్ విప్పింది.

"వీటిని చూస్తే అన్నయ్యకి ప్రాణం లేచొస్తుంది. అందుకే రోజూ ఇక్కడే కూచోబెడతాను" అన్నాడు బాబాయ్.

అందం మాటకొస్తే, అందమే. అబద్ధం ఎందుకు? జంట గొట్టాల తుపాకీ పక్కకి బిగించిన లోహపు పలక మీద, బొటనవేలంత చోటులో, ఒక చెరువూ, రెల్లుగడ్డీ, పైకి లేస్తున్న రెండు బాతులూ ఉన్నాయి. ఎప్పటివాడో, ఎవడో, సన్నటి ఉలితో ఈక ఈకా విడివిడిగా చెక్కాడు. బాతు కాళ్ళ నుంచి జారుతున్న చుక్కలు కూడా చెక్కాడు. నీళ్ళు మాత్రం చెక్కలేదు. ఆ కాస్త లోహాన్ని అద్దంలా మెరుగుపెట్టి ఉత్తగా వదిలేశాడు. గీత లేకపోవడమే నీళ్ళయింది. ఆవిడ లెన్సులోంచి అది చూసి, ఒరేయ్ నీ చెయ్యి బంగారం కానూ అని లోపలే మెచ్చుకుంది.

ఆ నీళ్ళే ఆవిడని తిప్పలు పెట్టాయి. మామూలుగా మెరిసే వస్తువు చుట్టూ తెల్లగుడ్డ కట్టి, అందులో కన్నం చేసి ఫొటో తీస్తారు. అలా తీస్తే చెరువు సున్నం కొట్టిన గోడలా వచ్చింది. రెండుసార్లు తీసింది, రెండుసార్లూ అంతే. నీళ్ళంటే కాస్త చీకటుండాలి కదా. తన వెనకవైపు గుడ్డ తీసేసింది. గదిలోని నీడలు నీళ్ళలో పడ్డాయి. చెరువు చెరువైంది.

ఇంతలో వెనక నుంచి చప్పుడు మొదలైంది. పెదనాన్న ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద కొడుతున్నాడు. "గా... గా..." అంటున్నాడు. చెక్కనేల అదిరి ట్రైపాడ్ వణికింది, బాతు కళ్ళు చెదిరిపోయాయి.

"మురిసిపోతున్నాడమ్మా, బాతుల్ని చూసి" అన్నాడు బాబాయ్.

ఆవిడ కాసేపు ఓపిక పట్టింది. చప్పుడు ఆగలేదు. ఆవిడకి విసుగొచ్చి, వెనక్కి తిరక్కుండానే అంది. "బాబాయ్, ఒక్క నిమిషం ఆ చప్పుడు ఆగేలా చూడవూ."

"దానిదేముంది, నేనున్నాగా!"

చప్పుడు ఆగింది. గొంతు కూడా ఆగింది. ఆవిడ సంతోషించి మీట నొక్కింది. పక్కన లాప్‌టాప్ తెర మీద బొమ్మ వచ్చింది. ఫోకస్ కుదిరిందో లేదో చూద్దామని పెద్దది చేసింది. ఈకలు బ్రహ్మాండంగా వచ్చాయి. నీళ్ళలో ఏదో మచ్చ ఉంది. ఇంకా పెద్దది చేసింది.

మచ్చ కాదు. కిటికీ, కుర్చీ, ఇద్దరు మనుషులు. ఒక తెల్ల గ్లవ్ పెదనాన్న ఎడమ మణికట్టుని కుర్చీకి అదిమిపట్టి ఉంది. ఇంకో తెల్ల గ్లవ్ ఆయన నోట్లోకి గుడ్డ కుక్కుతోంది. నూనెతో నల్లబడ్డ గుడ్డ, తుపాకీ గొట్టం లోపల తుడిచేది. పెదనాన్న కళ్ళు మాత్రం ఇటే చూస్తున్నాయి.

ఆవిడ గిరుక్కున తిరిగింది. బాబాయ్ ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు, కదలకుండా, ఊపిరి బిగబట్టి. గుసగుసగా అడిగాడు కూడా.

"అయిపోయిందా అమ్మా? వదిలెయ్యనా?"

ఆవిడ ఒక్క అంగలో వెళ్ళి ఆ చెయ్యి తోసేసి గుడ్డ లాగేసింది. ఎండిన నూనె, తుప్పు, చొంగ కలిసి చేతికి జిగటగా అంటుకుంది. పెదనాన్న దగ్గాడు, నల్లటి ఉమ్ము గడ్డం మీదికి కారింది. కుర్చీ కింద నేల తడిసి ఉంది. పెదనాన్న మురిసిపోయి కొట్టలేదు. ఒంటికి పోవాలని కొట్టాడు. మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

"ఏం పని బాబాయ్ ఇది? మనిషివేనా నువ్వు?"

"అదేంటమ్మా అలా అంటావ్? చప్పుడు ఆపమన్నది నువ్వేగా? రోజూ ఇంతే, ఇది తప్ప వేరే మందు లేదు" అన్నాడు బాబాయ్. కోపంగా కాదు, వంటింటి చిట్కా చెప్పినట్టు. తర్వాత తన చేతులు చూసుకుని మొహం చిట్లించాడు. "ఛీ, ఎంగిలి!" అని ఆ గ్లవ్స్ వేళ్ళ కొసలతో పట్టుకుని తీసి చెత్తబుట్టలో పడేసి, కొత్త జత తొడుక్కున్నాడు. తుపాకీకి ఎంగిలి అంటకూడదు కదా.

ఆవిడ చెయ్యి చీరకే తుడుచుకుని, ఆయన్ని రెక్క పట్టుకుని తెర ముందుకి లాక్కెళ్ళింది. "చూడు. చూసి చెప్పు ఏముందో."

బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. చాలాసేపు చూశాడు. ఇప్పుడైనా సిగ్గుపడతాడని, కనీసం బుకాయిస్తాడని ఆవిడ ఎదురుచూసింది.

"అబ్బబ్బ! ఈక ఈకా లెక్కపెట్టొచ్చమ్మా! నీళ్ళలోనే ఏదో మరక పడింది, అది తుడిచెయ్."

"మరక కాదు. అది నువ్వు."

ఆయన ఇంకాస్త వంగి చూశాడు. మొహం విప్పారింది. "అవును సుమా, నేనే! నేను గట్టిగా పట్టుకోబట్టి సరిపోయింది. లేకపోతే బాతు కన్ను ఇంత స్పష్టంగా వచ్చేదా?"

ఇంక మాట్లాడితే తన నోరే పాడవుతుందనిపించింది. ఇందాక తను ముచ్చటపడ్డ ఆ బాతుల వైపు ఇక చూడబుద్ధి కాలేదు. లైట్లు వదిలేసింది, తుపాకీ వదిలేసింది. పెదనాన్నని లోపలికి తీసుకెళ్ళి నోరు కడిగి, ఒళ్ళు తుడిచి, ఉతికిన పంచె కట్టింది. మందుల సంచీ తీసుకుని కుర్చీని వీధి గుమ్మం వైపు తోసింది. "వెనకగది ఖాళీ చేస్తాను పెదనాన్నా. మా ఇంటికి పోదాం" అంది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు, వదల్లేదు.

బాబాయ్ వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. అడ్డం పడతాడేమో, కాళ్ళు పట్టుకుంటాడేమో అనుకుంది. ఆయన మొహంలో నిజమైన భయం కనిపించింది. రెండేళ్ళలో ఆయన మొహంలో అన్నయ్య కోసం అంత దిగులు ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"అన్నయ్యని తీసుకెళ్ళు తల్లీ, నేను కాదంటానా? తుపాకులు మాత్రం... ఇక్కడే ఉంటాయి కదూ?"

"ఉంటాయి. ఉంచుకో."

బాబాయ్ గుండెల మీద చెయ్యి వేసుకుని హమ్మయ్య అన్నాడు. రెండేళ్ళ క్రితం పెదనాన్నని తను చూసుకుంటానని బాబాయ్ ఒప్పుకున్న రోజున తామంతా అన్న మాట అదే. ఆవిడకి అక్కడే, గుమ్మం పక్కనే, వాంతయింది.