జయరావు గారి రోనియో మిషను

"చింతపండు పదైదు దినాలు రావాల్సింది, పది దినాలకే ఎట్లయిపాయ?" అని గంగాధరం వంటింటి గడపలో నిలబడి అడిగినప్పుడు పంకజాక్షి రోట్లో మినప్పప్పు రుబ్బుతూ ఉంది. ఇద్దరే ఉన్న ఆ కాపురంలో ఎనిమిదేళ్ళుగా ఉప్పుకూ పప్పుకూ ఆమె ఇచ్చుకున్న సంజాయిషీలు రాసిపెడితే ఒక బీరువాకు సరిపోతాయి. ఆయన బడిపంతులు. ఇంట్లోనూ పరీక్షలు పెడుతూనే ఉంటాడు.

పంకజాక్షి చేతులు కడుక్కొని తిరుపతి బజారు దాటి తాను గుమాస్తాగా ఉన్న సర్కారు ఆఫీసుకు పోతే, హైదరాబాదు నుంచి ఆడిటర్లు దిగి ఉన్నారు. పెద్దాఫీసరు జయరావు ఆమెను గదిలోకి పిలిచి, ఎన్నడూ లేనిది కూర్చోమన్నాడు. అప్పుడే ఆమెకు భయం వేసింది.

సంగతి ఏమిటంటే, నిరుడు ఎనభై మూడులో, కాగితాలకు నకళ్ళు తీసే రోనియో మిషను ఒకటి సర్కారు డబ్బుతో కొన్నట్టు బిల్లు ఉంది. స్టాకు రిజిస్టరు రాసేది పంకజాక్షే అయినా ఆ మిషను ఆఫీసు గడప తొక్కగా ఆమె చూడలేదు. కోయంబత్తూరులో లారీ ఎక్కి నేరుగా జయరావు వంటింట్లో దిగిన ఆ వస్తువు పిండి రుబ్బే గ్రైండరు. వినాయక చవితికి ఆయన భార్య చంద్రకాంతమ్మ "మన ఇల్లే కదమ్మా" అంటూ ఆఫీసులోని ముగ్గురు ఆడవాళ్ళనూ పిలిపించి రెండొందల వడలు చేయించింది. పప్పు దానంతట అదే నలుగుతుంటే, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంకజాక్షి ఊరికే చూస్తూ నిలబడింది.

"రిపేరుకు మద్రాసుకు పంపినామని రాసి సంతకం పెట్టమ్మా. ఆఫీసంటే ఒక కుటుంబం కదా" అన్నాడు జయరావు.

"అది తిరిగి రాకపోతే సార్?"

"నీ జీతంలో నెలకింత పట్టుకుంటారు. నీకు మొగుడుండాడు, ఏం ఇబ్బంది?"

సాయంత్రం విని గంగాధరం తేల్చేశాడు. "సంతకమే గదా అడిగింది. పెద్దోళ్ళతో మనకెందుకు? పెట్టేసిరా."

చింతపండుకు లెక్క అడిగిన మనిషే. గరిటెడు నూనెకు నేనే జవాబు చెప్పాల, వాళ్ళ గ్రైండరుకూ నేనే చెప్పాల, మరి ఈ మొగోళ్ళు దేనికి చెప్తారు, అనుకుంటూ ఆమె మరునాడు ఆఫీసు మెట్లెక్కింది.

"రోనియో మిషను ఎక్కడుందమ్మా?" అన్నాడు ఆడిటరు రాజారత్నం. పక్కనే నిలబడి జయరావు దగ్గాడు.

"సార్ ఇంట్లో ఉండాది సార్."

"పనిచేస్తోందా?"

"బాగా చేస్తాది. చవితికి నాలుగు పడుల మినప్పప్పు రుబ్బినాము."

రాజారత్నం కలం ఆగింది. "రోనియోలోనా?"

"అది రోనియో కాదు సార్, రోలు."

గుమాస్తాల్లో ఎవరో నవ్వబోయి ఫైలు అడ్డం పెట్టుకున్నారు. రాజారత్నం వెళ్ళి స్వయంగా చూశాడు. దాంట్లో ఇంకా పిండి ఉంది. సొమ్మంతా జయరావు జీతంలోంచే రాబట్టాలని రాసిపోయాడు. జయరావు ఆ వారమే పంకజాక్షిని ఎక్కడో దూరాన ఉన్న సత్యవేడుకు బదిలీ చేశాడు.

మూడో రోజుకు గంగాధరం జయరావు పేర క్షమాపణ అర్జీ తానే రాసి ఆమె ముందు పెట్టాడు. "దీని కింద సంతకం పెట్టు. నువ్వు ఆడికి పోతే నాకెవురు వండిపెడతారు?"

పంకజాక్షి మొత్తం చదివింది. అక్షరాలు గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. మడిచి ఆయన చేతికే ఇచ్చింది.

"నిన్న సత్యవేడు పోయి గది చూసొచ్చినాను. చిన్నదే. ఒకరికి సరిపోతాది" అంది.