మబ్బు మేడ పాట

తమిళం మాట్లాడే ముత్తియాల్‌పేటలో పాత్రల కొట్టు నడిపే సౌందరరాజన్‌కి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యి మెల్లమెల్లగా కదలసాగింది గానీ నోటినుంచి ‘ఊ’ తప్ప వేరే శబ్దం రాలేదు. పొద్దున లేచింది మొదలు కొనేవాళ్ళతో బేరాలాడుతూ, పరాచికాలాడుతూ బతికిన మనిషి. ఇప్పుడు దాహమేస్తే చెంబు వైపు చూడాల్సిందే. ఆ చూపు ఎవరికీ అర్థం కాకపోతే విసుగొచ్చి ముఖం గోడకి తిప్పుకునేవాడు.

ఆయన భార్య లోగనాయకి వారం వారం ఆటోలో ఆయన్ని స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళేది. అక్కడ నందిత అనే అమ్మాయి బొమ్మలు చూపించి తమిళంలో వాటి పేర్లు అడిగేది. ఆయన పెదవులు వణికేవి, అంతే. ఒకరోజు ఆమె గరిటె బొమ్మ చూపించింది. జీవితమంతా గరిటెలమ్మిన మనిషికి ఆ పేరు నోటికి రాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నందిత బొమ్మలు పక్కన పెట్టేసింది.

“ఇంట్లో ఏ భాష మాట్లాడతారమ్మా?” అని లోగనాయకిని అడిగింది.

“తెలుగే. చదవడం, రాయడం మాత్రం మాలో ఎవరికీ రాదు.”

“ఆయన పాటలు పాడేవారా? మాట పోయినవాళ్ళలో కొందరికి పాట మిగిలే ఉంటుంది. ప్రయత్నించి చూద్దాం.”

లోగనాయకి కాస్త సిగ్గుపడింది. “ఆయనకి వచ్చింది ఒకటే పాట. ఆ మాయల సినిమా లేదూ, రాకుమారిని మబ్బుల్లో మేడ కట్టి బంధిస్తారే, అందులోది.”

నందిత నవ్వింది. “అది రానిది ఎవరికి? మా అక్క పెళ్ళిలో నాదస్వరం వాళ్ళు వాయించిందీ అదే.”

ఆ సినిమా వచ్చేనాటికి సౌందరరాజన్ ఇంకా పుట్టనేలేదు. అయినా ఊళ్ళో అది ఏనాడూ పాతబడలేదు. తిరునాళ్ళలో మైకు పెడితే ముందు ఆ పాటే. బడి వార్షికోత్సవం వస్తే ఎవరో ఒకరి పిల్ల అట్టముక్కల మేడలో కూర్చుని రాకుమారి కావాల్సిందే. పండగపూట టీవీలో వేస్తే తమిళం వాళ్ళూ తెలుగువాళ్ళూ కలిసే చూసేవాళ్ళు. ఊరంతా ఎరిగింది తమిళంలో తీసిన సినిమానే. తెలుగులో తీసినది మాత్రం దగ్గర్లోని మురుంగపాక్కంలో డేరా వేసి ఎప్పుడో కొన్నాళ్ళు ఆడించారు. చిన్నవాడైన సౌందరరాజన్‌ని వాళ్ళమ్మ దానికే తీసుకెళ్ళింది. ఆ తెలుగు పాటనే ఆయన పెద్దయ్యాక కొట్టులో పాత్రలు తుడుస్తూ కూనిరాగం తీసేవాడు.

ఆ సాయంత్రం లోగనాయకి భర్త ఎదురుగా కూర్చుంది. నందిత నేర్పినట్టు ఆయన ఎడమచేతిని పట్టుకుని మెల్లగా తాళం వేస్తూ తనకొచ్చిన తమిళ పాట పాడింది. ఆయన కన్నార్పకుండా విన్నాడు, నోరు మాత్రం కదపలేదు.

“నాయినకి వచ్చింది తెలుగు పాట కదమ్మా” అంటూ కూతురు అభినయ ఫోన్‌లో వెతికింది. పాట మాటలు దొరికాయి. తెర నిండా తెలుగు అక్షరాలే.

“ఏందిమే ఇది, జిలేబీ చుట్టలు! ఎవరు చదివేది దీన్ని?” అంది లోగనాయకి.

“చదవొద్దులే. వినుకుంటా నేర్చుకో.”

లోగనాయకికి పాడటమంటే మొదటినుంచీ బిడియం. నలుగురిలో హారతి పాట కూడా పాడి ఎరుగదు. అయినా ఫోన్ పప్పుడబ్బాకి ఆనించి, కూరగాయలు తరుగుతూ అదే పాట మళ్ళీ మళ్ళీ వింది. తెలుగూ తమిళమూ కలగాపులగమయ్యేవి. పక్కింటి వాళ్ళు కిటికీలోంచి తొంగి చూస్తే గొంతు తగ్గించేది గాని, పాట ఆపేది కాదు.

ఆదివారం పొద్దున ఆయన్ని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది.

“మబ్బు మాడి తలుపు తీయవే,
మా ఊరి దారి చూపవే...”

సౌందరరాజన్ కనుబొమలు ముడిపడ్డాయి. తల అడ్డంగా ఊపాడు.

“ఏందండీ? యాడ తప్పింది?”

ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. కొట్టులో పనివాడు గిన్నెలు తలకిందులుగా పేరిస్తే వచ్చేంత కోపం ముఖంలో కనిపించింది. పెదవులు బిగుసుకున్నాయి, మెడ నరాలు ఉబ్బాయి.

“మే...” అన్నాడు. ఊపిరి పీల్చి మళ్ళీ అన్నాడు. “మే...డ.”

లోగనాయకి దిగ్గున లేచింది. “అభీ! రామ్మే, మీ నాయిన మాట్లాడినాడు!” అని ఇల్లదిరేలా అరిచింది. అభినయ పరుగెత్తుకొచ్చింది. లోగనాయకి ముక్కు ఎగబీల్చి, ఈసారి తమిళ ‘మాడి’ని తెలుగు ‘మేడ’గా సరిచేసుకుని మళ్ళీ ఎత్తుకుంది. ‘మబ్బు మేడ’ దగ్గర ఆయన గొంతు ఆమె గొంతుతో కలిసింది. ‘తలుపు’ కూడా వచ్చింది. ఆపైన ఆయన ఏడ్చేశాడు. ఆమె కొంగుతో ఆయన ముఖం తుడిచింది గానీ పాట ఆపలేదు.

ఆ తర్వాత నందిత అదే వరసకి రోజువారీ మాటలు అతికించి నేర్పింది. నీళ్ళడగడం, చొక్కా అడగడం, అన్నీ ఆ రాగంలోనే. మాట పూర్తిగా తిరిగి రాలేదు. అంకెలైతే అసలే రాలేదు. కొట్టు అభినయ చూసుకుంటోంది. ఆయన పొద్దునపూట గల్లా పక్కన కూర్చుంటాడు. ఆటో నడిపే యోగానంద్ వాకిట్లో ఆగి తమిళంలో ఒక చరణం ఎత్తుకుంటే, ఈయన తెలుగులో పైచరణం అందుకుంటాడు. కొనడానికి వచ్చినవాళ్ళు గిన్నెలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడి వింటారు.

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర సౌందరరాజన్ ఒక ముద్ద తిని, కంచం జరిపి, రాకుమారి పాట వరసలోనే సాగదీశాడు.

“సాంబారులో... ఉప్పు లేదే...”

“డాక్టరు తగ్గించమన్నాడు. పోయి ఆయన్ని అడగండి!” అంది లోగనాయకి.

ఆయన ఇంకో శ్రుతి పెంచి అదే మాట మళ్ళీ పాడాడు. అభినయకి నవ్వొచ్చి పొలమారింది. లోగనాయకి సణుక్కుంటూ లేచి వెళ్ళి, ఉప్పు చిటికెడు తెచ్చి ఆయన కంచంలో వేసింది.