దేవుడి బియ్యం

నేను ఒక రేకు డబ్బాను. చీరాల బజారులో రేకుల పని చేసే ఒకాయన పాత నూనె డబ్బాను కోసి, అంచులు మడిచి, పైన మూత బిగించి నన్ను తయారుచేశాడు. రాహేలమ్మ కొని తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకుంది. ఆ రోజు నుంచి నా ఉద్యోగం దేవుడి బియ్యం దాచడం.

మా పల్లెలో క్రైస్తవుల ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి నాలాంటి డబ్బాలో వేస్తుంది. ఆదివారం గుడిలో పరచిన చాప మీద అందరూ తమ డబ్బాలు కుమ్మరిస్తారు. పక్కింటివాళ్ళతో పోట్లాడిన రోజు పిడికిలి పెద్దదవుతుంది. అయ్యగారి ప్రసంగం తమకే తగిలిందనుకున్న వారం చిక్కిపోతుంది. ఇవన్నీ దేవుడు పట్టించుకుంటాడో లేదో గాని, నేను పట్టించుకుంటాను.

రాహేలమ్మ కోడలు సువార్తమ్మ పిడికిలి ఎప్పుడూ నిండుగానే ఉండేది. ఏడేళ్ళ కూతురు హెప్సిబాకు విషజ్వరం వచ్చి, ఇక ఇంటికి తీసుకెళ్ళమని ఆసుపత్రిలో చెప్పేసినప్పుడు కూడా తగ్గలేదు. ఆ శుక్రవారం పాపను అత్తకు అప్పగించి గుడిలో ఉపవాస కూటానికి వెళ్ళింది. పాప కోసమే వెళ్ళింది. అక్కడ ఆమె మోకాళ్ళ మీద ఉండగానే ఇక్కడ లోపలి గదిలో పాప కన్నుమూసింది.

ఆ తర్వాత సువార్తమ్మ నా మూత తీయలేదు. అత్తే తీసి పిడికెడు వేసేది. పాప పోయినా పిలుపు పోలేదు. పొయ్యి ముందు కూర్చున్న సువార్తమ్మ ఉన్నట్టుండి "ఆఁ, వస్తన్నా" అంటూ లోపలి గదిలోకి పరుగెత్తేది. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. నాకైతే ఏమీ వినబడలేదు. అయినా ఆమె గడపలో నిలబడి ఖాళీ మంచం వైపు చూస్తుంటే నాకూ భయం వేసేది. గుడివాళ్ళు వచ్చి, అంతా దేవుడి చిత్తమని ఓదార్చి, కాఫీ తాగి వెళ్ళేవారు.

ఆమెను తొలిచేది ఒకటే. చివరి ఘడియలో పాప తనను పిలిచిందా అని. అత్తను అడగడానికి ధైర్యం చాలలేదు. దేవుణ్ణి అడగడానికి నమ్మకం చాలలేదు.

గుడిలో ముందు వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పే దీనమ్మ ఒక మధ్యాహ్నం వచ్చింది.

"వదినా, కాలవ అవతల సోదె చెప్పే ఆమె ఉంది. పోయినోళ్ళను పిలిచి మాట్టాడిస్తది. మా ఆయన పోయినప్పుడు నేనూ పొయ్యొచ్చా. సోలెడు బియ్యం తీసకపోతే చాలు. అయ్యగారితో మాత్రం చెప్పబాక!"

ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. నాలో ఉన్నాయి. సువార్తమ్మ నన్ను కొంగు చాటున పెట్టుకుని బయలుదేరింది. దేవుడి బియ్యంతో సోదెకు పోవడమా! నాకు సిగ్గేసింది, జాలీ వేసింది.

సోదె ఆమె బియ్యాన్ని చేటలో పోసుకుని, పుల్లతో గీస్తూ రాగం తీసింది. "పేరు పెట్టి మూడు సార్లు పిలువు. వస్తది" అంది. సువార్తమ్మ పిలిచింది. మళ్ళీ పిలిచింది. చేటలో గింజలు కదిలాయి, గాలికో, పుల్లకో నాకు తెలియదు. సోదె ఆమె గొంతు సన్నబడి పసిపిల్ల గొంతవుతోంది. నా ఒళ్ళు జల్లుమంది. మూడోసారి పిలవబోయి సువార్తమ్మ ఆగిపోయింది.

"పాప మాదిరి 'నిన్ను పిలవలేదమ్మా' అంటావు. నాకు హాయిగా ఉంటది. ఆ హాయి కోసం నా బిడ్డ గొంతు ఇంకొకళ్ళ నోట్లో పెట్టలేను" అంది. బియ్యం అక్కడే వదిలేసి, నన్ను చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

రాహేలమ్మ అరుగు మీద గోంగూర ఒలుస్తోంది.

"అత్తా, ఆ రోజు పాప నన్ను పిలిచిందా?"

ముసలామె చేతులు ఆగిపోయాయి. లేదని ఒక్క మాట అంటే పోయేది. అబద్ధమాడెయ్యమనే శోధన ఆమెకూ వచ్చింది. గోంగూర పక్కకు జరిపి కోడలి ముఖంలోకి చూసింది.

"పిలిచింది అమ్మాయ్. శానాసేపు పిలిచింది. మీ అమ్మ దేవుడి దగ్గరికి పొయ్యింది, వస్తదిలే అన్నా. 'అంత దూరమా నాయనమ్మా' అంది."

సువార్తమ్మ అరుగు మీద కూలబడి ఊరు వినేలా ఏడ్చింది. అత్త ఆమె తలను ఒళ్ళో పెట్టుకుంది. పొద్దు వాలాక సువార్తమ్మ లేచి, పక్కింట్లో బియ్యం అడిగి తెచ్చి పొయ్యి వెలిగించింది. నా మూత తీసి తన చేత్తో పిడికెడు వేసింది. తర్వాత అక్కడే మోకాళ్ళూనింది. "పాప పిలిచినప్పుడు నేను లేను. నువ్వున్నావా?" అని దేవుణ్ణి అడిగింది.

ఇప్పుడు నా అడుగు తుప్పుపట్టి పోయింది. నన్ను అటక మీద పడేసి, పొయ్యి పక్కకు స్టీలు డబ్బా తెచ్చుకున్నారు. అయినా రోజూ ఎసరు పెట్టే వేళకు కింద నుంచి అదే ప్రశ్న వినబడుతుంది. జవాబు నాకెప్పుడూ వినబడలేదు. ఆమె మాత్రం ఎదుట కూర్చున్న మనిషిని అడిగినట్టే అడుగుతుంది. అడిగి, జవాబు కోసం చెవి ఒగ్గుతుంది. అటక మీద నేనూ చెవులు రిక్కించుకుని ఉంటాను.