రెండు వేళ్ళు కిందికి

నేను ఒక ఎర్ర మారుతి ఎనిమిది వందల కారును. పంతొమ్మిది వందల తొంభై ఒకటిలో పుట్టాను. నా ఇంజనూ ముందే, నన్ను లాగే చక్రాలూ ముందువే. వెనక చక్రాలు ఊరికే వెంట వస్తాయి. పాత బండి కదా అని జాలిపడదలచుకున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

మొదట నన్ను కొన్నది అనకాపల్లిలో ఒక బెల్లం వర్తకుడు. నన్ను నడిపినదానికన్నా తుడిచిందే ఎక్కువ. ఎనిమిదేళ్ళ తరవాత పెద్ద కారు కొనుక్కుని నన్ను బొడ్డేటి నూకరత్నానికి అమ్మేశాడు. ఆవిడ ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పేది. పక్కసీటు ముందు తన కాలికి అందేలా ఇంకో బ్రేకు బిగించుకుంది. ఇరవై రెండేళ్ళ పాటు నర్సులూ, టీచర్లూ, చీరల కొట్టు నడిపేవాళ్ళూ తమ భయమంతా నా క్లచ్చి మీద తొక్కిపెట్టారు. మనుషుల తీరే అంత. బండి ఆగిపోతే నన్ను తిడతారు, కదిలితే తమను మెచ్చుకుంటారు.

ఇంతలో మా బడికి ఎదురుగానే కర్రి వినోద్ అనే ఆయన ఏసీ కార్లతో కొత్త స్కూలు తెరిచాడు. ఆవిడా, ఆ కారూ ఇంక ఇంట్లో కూర్చోవలసిన వయసేనని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడట. నేర్చుకునేవాళ్ళు ఒక్కొక్కరే అటు వెళ్ళిపోయారు. ఒక సోమవారం నా డ్రైవరు సీట్లో ఎవరూ కూర్చోలేదు. మంగళవారమూ అంతే.

ఆ వారమే భీమిలి దగ్గర మైదానంలో కార్ల పందెం ఉందని తెలిసింది. ఒక్కో కారూ విడిగా, నిలబెట్టిన ప్లాస్టిక్ కోన్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ వెళ్ళాలి. కోను పడితే సమయం కలుపుతారు. తక్కువ సమయంలో వచ్చినవాళ్ళది గెలుపు. వినోద్ పేరిచ్చాడు. యాభై మూడేళ్ళ రత్నం కూడా ఇచ్చింది.

ఖాళీ స్థలంలో సాధన మొదలుపెట్టాం. మలుపు వేగంగా తిప్పినప్పుడల్లా నా ఒళ్ళు బయటికి ఒరిగిపోయి, లోపలివైపు వెనక చక్రం గాల్లోకి లేచేది. రత్నం నన్ను మెకానిక్ పైడిరాజు షెడ్డుకు తీసుకువెళ్ళింది.

"ఇది తిరగట్లేదు పైడిరాజూ, పడుకుండిపోతంది. బాడీని కిందికి దించు."

ఈ వయసులో పందేలేటక్కా, జనం నవ్వుతారని అతను నచ్చజెప్పబోయాడు. ఆవిడ నా బానెట్ ఎత్తి పట్టుకుంది.

పైడిరాజు తొందరపడ్డాడు. గ్యాస్ మంటతో నా స్ప్రింగులు కోసేశాడు. ఒక్కసారిగా నాలుగు వేళ్ళ ఎత్తు దిగిపోయాను. చూడ్డానికి బాగానే ఉన్నాను. కానీ మొదటి స్పీడ్ బ్రేకరుకే నా పొట్ట గీసుకుపోయింది. తరవాతి గుంటలో చక్రం పైకి లేవడానికి చోటు లేక, ఆ దెబ్బంతా రత్నం వెన్నుకు తగిలింది. యాక్సిల్ మీది రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు చిమ్మింది. ఆవిడ నడుం పట్టుకుని దిగి, రోడ్డు పక్కన కూలబడింది. నాకు కోపం వచ్చింది. కోయించుకున్నది నేను మరి.

పైడిరాజు షెడ్డు నుంచి పరుగున వచ్చి చూసి తల దించుకున్నాడు.

"తప్పు నాదే అక్కా. మళ్ళీ పాత ఎత్తుకి పెట్టేస్తాను."

"ఎత్తొద్దు. సరిగ్గా దించు."

ఈసారి పదకొండు రోజులు పట్టింది. నా కొలతకు పొట్టి స్ప్రింగులు, కాస్త గట్టివి, చేయించాడు. వాటికి తగ్గ షాకబ్జార్బర్లు వేశాడు. రెండు వేళ్ళే దించి, చక్రాలు నిటారుగా ఉన్నాయో లేదో మళ్ళీ మళ్ళీ చూశాడు. షెడ్డు బయటికి వచ్చిన తొలి మలుపులోనే తెలిసిపోయింది, నేల నాకు దగ్గరైందని.

పందెం రోజున మైకులో "ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్ ఆంటీ వస్తున్నారు" అన్నారు. మైదానమంతా నవ్వు. రత్నం గేరు వేసింది. దుమ్ములో కోన్లు ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. నేను ఒరగలేదు. ప్రతి మలుపు చివరా ముందు చక్రాలు మట్టిని పట్టుకుని నన్ను బయటికి లాగాయి. ఒక్క కోనూ పడలేదు.

ముప్పై నాలుగు కార్లలో ఏడో స్థానం. వినోద్ రెండు కోన్లు పడగొట్టి పంతొమ్మిదో వాడయ్యాడు. ఏడో స్థానానికి కప్పు లేదు. రత్నం దిగి తిన్నగా మైకు దగ్గరికి నడిచింది.

"నా పేరు బొడ్డేటి నూకరత్నం. అదే చెప్పండి."

మైకు పట్టుకున్నతను చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. చూడ్డానికి వచ్చిన ఇద్దరమ్మాయిలు దగ్గరికి వచ్చి, తమకు ఎప్పటి నుంచి నేర్పుతారని అడిగారు.

ఇప్పుడు బడి మళ్ళీ నడుస్తోంది, దానికి వేరే కారుంది. నన్ను రత్నం ఒక్కతే నడుపుతుంది. మొన్న విశాఖపట్నం నుంచి ఒక హోటలాయన వచ్చి, నన్ను కొని తన హోటల్లో గాజు గదిలో అందరూ చూసేలా నిలబెడతానన్నాడు. కాకపోతే కంపెనీ ఇచ్చిన ఎత్తుకు మళ్ళీ లేపాలట, అదే అసలైన రూపమట. రత్నం ఆయనకు టీ ఇచ్చి పంపేసింది.

వచ్చే నెలలో మళ్ళీ పందెం. ఫారంలో ఈసారి నడిపేవాళ్ళ వయసూ, బండి వయసూ అడిగారు. రత్నం రెండూ పెద్ద అక్షరాలతో రాసింది. నవ్వదలచుకున్నవాళ్ళు పెందలాడే వచ్చి ముందు వరసలో కూర్చోండి. మేం వస్తున్నాం.